రాత్రి రెండింటికి ఆ దడ ఎందుకు?

ప్రశ్న: అమ్మగారూ, నమస్కారం. నాకు 46 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోయాను. అంతకుముందు రెండుసార్లు కళ్లు తిరిగితే గోడ పట్టుకుని నిలబడ్డాను. నీరసమనుకున్నాం. ఈసీజీ తీసి కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు, అంటే గుండె పైగదుల నుంచి కింది గదులకి విద్యుత్ సంకేతం అసలు చేరడం లేదట, మర్నాడే పేస్‌మేకర్ పెట్టారు. రెండు వైర్లది. ఆ తర్వాత మళ్లీ కళ్లు తిరగలేదు. చెకప్‌కి రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ ‘అంతా నార్మల్’ అన్నారు. నాకు మాత్రం ఏదీ నార్మల్‌గా లేదు.

మచ్చ దగ్గర అప్పుడప్పుడు సూదితో పొడిచినట్టు నొప్పి వస్తుంది, రెండు మూడు సెకన్లుండి పోతుంది. ఎడమ భుజం సలుపుతుంది. జడ వేసుకుందామంటే చెయ్యి లేవదు. వారంలో మూడు నాలుగు రాత్రులు ఒకటిన్నరకీ రెండుకీ మధ్య, గుండెల్లో ఎవరో తలుపు తట్టినట్టయి మెలకువ వచ్చేస్తుంది. ఇక తెల్లారేదాకా నిద్ర ఉండదు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కొనుక్కున్నాను. రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటానో లెక్కలేదు. ఒక రాత్రి పల్స్ 47 చూపించింది. 60కి తగ్గనివ్వదని చెప్పారు కదా, మిషన్ ఆగిపోయిందనుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఏమీ లేదని పంపేశారు. అప్పట్నుంచి ఇంట్లో నా మాటకి విలువ లేకుండా పోయింది. ‘డాక్టర్లు బాగుందన్నాక ఇంకా ఏమిటీ భయం’ అంటారు మావారు. మా బంధువొకాయనకి గుండెలో పెట్టిన మిషన్ షాక్ కొట్టి కింద పడేసిందట. నాకూ అలా కొడుతుందేమో, బ్యాటరీ అర్ధరాత్రి ఆగిపోతుందేమో అని ఒకటే ఆలోచన. నాకు తెలియకుండానే చెయ్యి చర్మం కింద బిళ్లలా తగిలే ఆ మిషన్ మీదికి పోతుంది. ఉందా, జరిగిందా అని ఇటూ అటూ కదిపి చూసుకుంటాను. ఈ నొప్పి మామూలేనా? ఈ టెన్షన్ ఎప్పటికైనా పోతుందా?

— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతుండగా నా చెయ్యి కూడా ఎడమ భుజం కిందికి పోయింది. తొమ్మిదేళ్లుగా నాకూ అక్కడ ఒకటుంది. అంతకుముందు ఇరవై ఆరేళ్లు గుండెజబ్బుల వార్డులో నర్సుగా పనిచేశాను. ఎంతమందికో మంచం పక్కన నిలబడి ‘మామూలేనమ్మా, భయపడకండి’ అని చెప్పాను. నా ఒంట్లోకి మిషన్ వచ్చాక, ఆ మాట విన్నవాళ్లు రాత్రిళ్లు ఎలా గడిపి ఉంటారో అర్థమైంది. వాళ్లను ఇంకో రెండు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడవలసింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే మీకు కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

‘అంతా నార్మల్’ అని వాళ్లు చెప్పింది మిషన్ సంగతి. బ్యాటరీ బాగుంది, వైర్లు బాగున్నాయి, గుండె దాని మాట వింటోంది. అది అబద్ధం కాదు. అయితే మీకు పొడుస్తున్నది ఎందుకు, రాత్రి తడుతున్నది ఏమిటి అని ఎవరూ అడగలేదు, మీరూ చెప్పి ఉండరు. చెప్పాల్సినవన్నీ ఆ గదిలోకి వెళ్లగానే మర్చిపోతాం, నేనూ మర్చిపోయాను. కాబట్టి ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం.

అంతకంటే ముందు, ఇంట్లో కూర్చుని ఓర్చుకోకూడనివి చెప్పేస్తాను. మచ్చ చుట్టూ ఎర్రబడినా, వేడిగా ఉన్నా, వాచినా, రసి కారినా, జ్వరం వస్తున్నా వెంటనే మీ పేస్‌మేకర్ డాక్టరుకి చూపించాలి. పెట్టి ఎనిమిది నెలలైంది కదా, ఇంకేం ఇన్ఫెక్షన్ అనుకోవద్దు, ఏడాది దాటాక కూడా రావచ్చు. చర్మం పలచబడి బిళ్ల అంచు మెరుస్తున్నట్టు కనిపించినా అంతే. వాపు వచ్చిందని ఎవరైనా సూది పెట్టి తీస్తామంటే ఒప్పుకోకండి, ముందు మీ డాక్టరుకి తెలియాలి. మళ్లీ స్పృహ తప్పినా, కళ్లు బైర్లు కమ్మినా, ఎక్కిళ్లు ఆగకుండా వస్తున్నా, ఎడమ చెయ్యి మొత్తం వాచినా ఆలస్యం చేయకూడదు.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. పేస్‌మేకర్ ఉంటే గుండెపోటు రాదనుకుంటారు. అది కొట్టుకునే వేగాన్ని చూసుకుంటుందే గానీ రక్తనాళాల్లో అడ్డంకులను ఆపలేదు. ఛాతీ మధ్యలో బిగించినట్టు, బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి చేతికో దవడకో పాకుతూ, చెమటలు పట్టి, ఆయాసం వస్తే మిషన్ ఉందన్న ధైర్యంతో ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లగానే ‘నాకు పేస్‌మేకర్ ఉంది’ అని మొదట చెప్పండి. మిషన్ నడిపిస్తున్న గుండె ఈసీజీ వేరుగా ఉంటుంది, అందులో గుండెపోటును గుర్తుపట్టడం కాస్త కష్టం.

మీరు రాసినవాటిలో ఇవేవీ లేవు. ఇప్పుడు ఆ సూదిపోటు సంగతి చూద్దాం. బిళ్లను పెట్టడానికి చర్మానికీ ఛాతీ కండకీ మధ్య చిన్న జేబులా చేస్తారు. ఆ కోతలో సన్నటి నరాలు కొన్ని తెగుతాయి. అవి మానుతూ మానుతూ ఉన్నట్టుండి జివ్వుమంటాయి. ఎనిమిది నెలలకి కూడా అలా అనడం నేను చాలామందిలో చూశాను. నాకైతే ఏడాదిన్నర దాకా ఉంది. పైగా 20 నుంచి 40 గ్రాముల బరువున్న బిళ్ల అక్కడ కూర్చుని ఉంటుంది. పక్కకి దొర్లి పడుకున్నప్పుడు, లోదుస్తుల పట్టీ దాని మీద పడినప్పుడు, కారు సీటు బెల్టు ఒరుసుకున్నప్పుడు లాగినట్టుంటుంది. పట్టీ కింద మెత్తటి గుడ్డ మడత పెట్టుకుంటే ఆ ఒరిపిడి పోతుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం తప్పేమీ కాదు, హాయిగా లేకపోతే ఆ చెయ్యి కింద ఒక దిండు పెట్టుకోండి. రెండు మూడు సెకన్లుండి పోయే పోటు, వేలితో ఇక్కడ అని చూపించగలిగే పోటు, నడిచినా పరిగెత్తినా పెరగని పోటు అయితే ఎక్కువగా ఇలాంటిదే. అయినా వచ్చే చెకప్‌లో చొక్కా తీసి ఆ చోటు చూపించి మరీ అడగండి.

భుజం సంగతి వేరు. దాన్ని వదిలేయొద్దని గట్టిగా చెబుతున్నాను. మొదటి 4 నుంచి 6 వారాలు మోచెయ్యి భుజం కంటే పైకి లేపొద్దు, బరువులెత్తొద్దు అంటారు. వైరు కొన గుండె గోడలో కుదురుకునేదాకా ఆ జాగ్రత్త. ‘ఇక చాలమ్మా, చెయ్యి మామూలుగా ఎత్తు’ అని ఆ గడువు తీరాక చెప్పేవాళ్లుండరు. వైరు ఊడుతుందేమోనని మనం చేతిని ఒంటికి కట్టేసుకున్నట్టు తిరుగుతాం, కీలు బిగుసుకుపోతుంది. జడకి చెయ్యి లేవడం లేదని రాశారే, నాకు అనుమానం దాని మీదే. ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. డాక్టరును అడిగి ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి. నాకు నేర్పిన కసరత్తు చాలా చిన్నది. గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లను సాలీడులా మెల్లగా పైకి పాకించాలి. నొప్పి మొదలైన చోట ఆగాలి. నేను వంటగది తలుపు పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. మొదటి రోజు గీత నా చెవి దగ్గరుంది. ఏడో వారానికి చెయ్యి చాచినంత ఎత్తుకి వెళ్లింది. మధ్యలో గీతలన్నీ అలాగే ఉన్నాయి, సున్నం వేయించినప్పుడు కూడా చెరపనివ్వలేదు.

అమ్మా, ఒక అలవాటు మాత్రం ఈరోజే మానండి. బిళ్లను పట్టుకుని కదపడం. తడమడం వేరు, కదపడం వేరు. పదే పదే తిప్పితే లోపలి జేబు వదులై బిళ్ల గిరగిరా తిరుగుతుంది, దానితో పాటు వైరు చుట్టుకుని గుండెలోంచి కొన జారిపోవచ్చు. దీనికి 1968లోనే ట్విడ్లర్స్ సిండ్రోమ్ అని పేరు పెట్టారంటే, మీలా చేసేవాళ్లు అప్పటినుంచీ ఉన్నారన్నమాట. సిగ్గుపడాల్సిందేమీ లేదు. చెయ్యి అటు పోయినప్పుడు బిళ్ల మీద కాకుండా పొట్ట మీద పెట్టుకోండి, ఊపిరి లేచి పడటం చూడండి. చేతికి ఏదో ఒక పని కావాలి, అంతే.

ఇక రాత్రి దడ. దీని గురించి నాకు చాలా చెప్పాలనుంది, ఎందుకంటే ఇది నాకు జరిగింది.

మిషన్ పెట్టిన రెండో నెలలో అర్ధరాత్రి మెలకువలు మొదలయ్యాయి. మీరన్నట్టే ఎవరో తట్టినట్టు, గబగబా నాలుగైదు బలమైన దెబ్బలు, తర్వాత మామూలు. నర్సునై ఉండి కూడా లేచి కూర్చుని వణికాను. మూడో రాత్రి నుంచి తలగడ పక్కన చిన్న నోటుబుక్కు, పెన్ను పెట్టుకున్నాను. మెలకువ రాగానే గడియారం చూసి టైము రాయడం, అంతే. రెండు వారాలయ్యాక ఆ పేజీ చూస్తే 1:00, 1:01, 1:00, 1:00, 1:01. కాగితం మీద ఆ అంకెలు చూస్తుంటే ఏడుపొచ్చింది. రోగానికి గడియారం తెలియదు, ఇది మరేదో అని అప్పుడే తట్టింది.

చెకప్‌లో ఆ పేజీ టెక్నీషియన్ అబ్బాయి ముందు పెట్టాను. అతను చదివి, ఒక్క నిమిషం అని కంప్యూటర్‌లో ఏదో తెరిచి, స్క్రీన్ నా వైపు తిప్పాడు. ‘అమ్మా, మీ మిషన్ రోజూ రాత్రి ఒంటిగంటకి తన పరీక్ష తాను చేసుకుంటోంది’ అన్నాడు. గుండెను కొట్టించడానికి ఎంత చిన్న విద్యుత్తు సరిపోతుందో తెలుసుకోవడానికి కొన్ని పేస్‌మేకర్లు రోజుకోసారి వోల్టేజీ మెల్లగా తగ్గించి చూసుకుంటాయి. అలా చూసుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. పరీక్షలో ఒక దెబ్బ తప్పితే వెంటనే బలమైన ఇంకో దెబ్బ ఇచ్చేస్తాయి, గుండె ఆగే ప్రమాదం లేదు. ఆ కొద్ది క్షణాలు గుండె పైగది కొట్టడానికీ కింది గది కొట్టడానికీ మధ్య ఉండే వ్యవధి మారుతుంది, అదే కొందరికి తట్టినట్టు తెలుస్తుంది. మనిషి కదలకుండా ఉండే వేళని రాత్రిని ఎంచుకుంటాయి. పగలైతే నాకు తెలిసేదే కాదు.

‘టైము మార్చమంటారా, ఆపేయమంటారా’ అని అడిగాడు. వద్దు, ఉండనివ్వమన్నాను. ఆ వారంలో ఇంకో రెండుసార్లు మెలకువ వచ్చింది. ఓహో పరీక్ష అనుకుని పక్కకి తిరిగి పడుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు మానేసిందో నాకు గుర్తు లేదు. మిషన్ మానలేదు, నేనే లేవడం మానేశాను.

మీదీ ఇదే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. మిషన్ మిషన్‌కీ పద్ధతి వేరు. మీరు ఒకటిన్నరకీ రెండుకీ మధ్య అని రాశారు. రోజూ దాదాపు ఒకటే నిమిషమా, అటూ ఇటూ మారుతోందా అన్నది ముఖ్యం. మారుతుంటే ముందుగా పడే అదనపు దెబ్బలు కావచ్చు, లయ కాసేపు తప్పడం కావచ్చు. కొన్నిటికి మందు అవసరమవుతుంది. అందుకే చూపించాలంటున్నాను. పేస్‌మేకర్‌కి జ్ఞాపకం ఉంది. గుండె లయ తప్పినప్పుడు చాలా మిషన్లు ఆ తేదీ, ఆ సమయం దాచుకుంటాయి. మీ నోటుబుక్కులో టైము, మిషన్‌లో టైము పక్కపక్కన పెడితే, అంతవరకూ ‘ఏదో అవుతోంది’ అన్నదానికి ఒక పేరు వస్తుంది. టైము, అప్పుడు ఎలా పడుకున్నారు, ఎంతసేపుంది, ఈ మూడూ రాస్తే చాలు. పల్స్ అంకె వద్దు.

ఎందుకు వద్దంటున్నానంటే, మిమ్మల్ని ఎమర్జెన్సీకి పరిగెత్తించింది ఆ అంకే. అప్పుడప్పుడు ఎవరి గుండె అయినా ఒక దెబ్బ ముందుగా కొడుతుంది. గుండె గది రక్తంతో నిండకముందే కొట్టిన దెబ్బ కాబట్టి రక్తం వేలిదాకా గట్టిగా చేరదు. ఆక్సీమీటర్ వేలికి చేరినవాటినే లెక్కపెడుతుంది. లోపల గుండె 60 కొట్టినా పైన 47 అని చూపిస్తుంది. ఇంట్లో వాడే బీపీ మిషన్‌తోనూ ఇదే తంటా. వేలు చల్లగా ఉన్నా, చెయ్యి వణికినా అంతే. ఇంకో సంగతి, కొందరికి నిద్రలో 50కి దిగేలా మిషన్‌లో పెడతారు. మీకు పగలు ఎంత పెట్టారు, రాత్రి ఎంత పెట్టారు అని అడిగి, ఆసుపత్రిలో ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు వెనక రాసుకోండి. ఆక్సీమీటర్‌ని మీవారికి ఇచ్చేయండి. నాడి చూసుకోవాలనిపిస్తే పొద్దున్న లేచి, ఐదు నిమిషాలు కూర్చుని, మణికట్టు దగ్గర పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రోజుకి ఒక్కసారి చాలు. అంకె తక్కువగా ఉండి, దానితోపాటు కళ్లు తిరగడమో ఆయాసమో ఉంటే అప్పుడు వెళ్లాలి.

షాక్ గురించి అడిగారు. మీ బంధువుకి పెట్టింది బహుశా ఐసీడీ అయి ఉంటుంది. ప్రాణం తీసే లయను ఆపడానికి పెద్ద షాక్ ఇచ్చే యంత్రం అది. మీ ఉత్తరం ప్రకారం మీది మామూలు పేస్‌మేకర్, దానికి షాక్ కొట్టే శక్తే ఉండదు. అది ఇచ్చేది రెండు మూడు వోల్టులు, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు. మీ కార్డు మీద ఏ యంత్రమో రాసి ఉంటుంది, ఒకసారి డాక్టరు చేత చదివించుకుని ఈ భయాన్ని అక్కడే వదిలేసి రండి. బ్యాటరీ కూడా టార్చిలైటులా ఉన్నట్టుండి ఆరిపోదు. సాధారణంగా 8 నుంచి 12 ఏళ్లు వస్తుంది. తగ్గుతున్నప్పుడు కొన్ని నెలల ముందే చెకప్‌లో తెలుస్తుంది, అప్పుడు పాత వైర్లు బాగుంటే బిళ్ల ఒక్కటే మారుస్తారు.

ఆర్నే లార్సన్ అని స్వీడన్ దేశస్థుడు. ఒంట్లో పూర్తిగా అమర్చే పేస్‌మేకర్ ప్రపంచంలో మొదట పెట్టింది ఆయనకే, 1958 అక్టోబర్ 8న. మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. అప్పుడాయనకి 43 ఏళ్లు, రోజుకి ఎన్నోసార్లు స్పృహ తప్పేవాడు. అక్కడినుంచి మొత్తం 26 మిషన్లు మార్చుకుంటూ ఇంకో 43 ఏళ్లు బతికాడు. మిషన్ తయారుచేసిన ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్, ఆపరేషన్ చేసిన డాక్టరు సెన్నింగ్ ఇద్దరూ ఆయనకంటే ముందే పోయారు. 2001లో ఆయన పోయినా అది గుండెజబ్బుతో కాదు, క్యాన్సర్‌తో. వార్డులో ఎవరైనా బ్యాటరీ గురించి బెంగపడితే ఈ కథ చెప్పేదాన్ని. నాకు పెట్టిన రాత్రి నాకు నేనే చెప్పుకున్నాను.

ఇప్పుడు అసలు భయం. ఇన్ని కారణాలు తెలిసినా అది ఒక్కరోజులో పోదు. మీరు పడిపోయింది చెప్పా పెట్టకుండా. అందుకని ఒళ్లు కాపలా కాస్తోంది, ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడుతోంది. టెన్షన్‌లో గుండె వేగంగా కొట్టుకుంటుంది. పేస్‌మేకర్ నెమ్మదించనివ్వదు గానీ, గుండె తనంతట తాను పరిగెడితే ఆపదు. ఆ దడ చూసి ఇంకా భయం, ఆ భయానికి ఇంకా దడ. టెన్షన్ వల్ల మిషన్ పాడవదు, బ్యాటరీ ఎగిరిపోదు. రాత్రి మెలకువ వస్తే పాదాలు నేల మీద పెట్టి కూర్చోండి. టైము రాయండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంత సేపు మెల్లగా వదలండి. వదలడం పొడుగ్గా ఉండాలి. అలా పదిసార్లు.

దీంతో పాటు మీ డాక్టరుతో ‘నాకు భయం ఎక్కువగా ఉంది, నిద్ర పోవడం లేదు’ అని ఈ మాటల్లోనే చెప్పండి. గుండె డాక్టరు దగ్గర మనసు సంగతి ఎత్తకూడదనుకుంటాం. చెప్పాలి. పేస్‌మేకర్ తర్వాత ఇలా కుంగిపోవడం వాళ్లకి కొత్త కాదు. కౌన్సెలింగ్‌కి పంపుతారు, అవసరమైతే మీ గుండెకి సరిపడే మందు చూసి ఇస్తారు. నేను నాలుగు నెలలు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. స్నానాల గదికి గడియ పెట్టుకోవడం అక్కడే మళ్లీ నేర్చుకున్నాను. అంతవరకూ తలుపు ఓరగా వేసుకునేదాన్ని, బయట ఎవరో ఒకరు ఉండాల్సిందే. ఏ పనికీ ఆసక్తి లేకుండా రోజులు గడుస్తున్నా, బతకడం ఎందుకనిపించినా ఆ రోజే చెప్పాలి, చెకప్ దాకా దాచుకోకూడదు.

మీవారి మీద నాకు కోపం లేదు. ఆ రోజు స్నానాల గది తలుపు తోసి చూసింది ఆయనే అయి ఉంటారు. ఆయనకీ భయముంది, దాన్ని విసుగు రూపంలో చూపిస్తున్నారు. అర్ధరాత్రి వాదించుకోకండి. ఈసారి చెకప్‌లో ఆయన్నీ లోపలికి తీసుకెళ్లండి. మిషన్ మీద రీడర్ పెట్టగానే స్క్రీన్ మీద మీ గుండె గీత వస్తుంది, మిషన్ కొట్టిస్తున్న చోటల్లా గుర్తు పడుతుంది. ఆయన్ని ఆ గీత చూడమనండి.

ఫోన్, కరెంటు స్టవ్ సంగతి మీరు అడగలేదు గానీ అడిగేవాళ్లు చాలామంది. ఫోన్‌ని మిషన్‌కి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచి కుడి చెవితో మాట్లాడితే చాలు, ఎడమ జేబులో పెట్టొద్దు. ఇండక్షన్ స్టవ్‌కి 60 సెంటీమీటర్లు ఎడంగా ఉండండి. మైక్రోవేవ్, టీవీ, ఫ్యాన్ దేనికీ భయపడక్కర్లేదు. ఎవరైనా ఎమ్మారై రాస్తే ముందు కార్డు చూపించండి.

మీ తర్వాతి చెకప్ ఎప్పుడో రాయలేదు. ఎప్పుడైనా సరే, అప్పటిదాకా ఆగకండి. ఈ రాత్రి నుంచి పది రోజులు టైము రాయండి. పదకొండో రోజు ఆసుపత్రికి ఫోన్ చేసి, ‘నా దగ్గర టైములు రాసి ఉన్నాయి, మిషన్‌లో రికార్డుతో కలిపి చూడాలి, ముందుగా రావచ్చా’ అని అడగండి. నోటుబుక్కు, కార్డు, మీవారు, ముగ్గురూ కలిసి వెళ్లండి. వచ్చాక ఏం తేలిందో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.